కండువా రెండో కొస

మొన్న శ్రీకాకుళంలో మా ఆడపడుచు మనవడి పెళ్ళికి వెళ్తే, పెళ్ళికి ముందు రోజు సాయంత్రం సంగీత్ అని ఒకటి పెట్టారు. మన కాలంలో పెళ్ళికి ముందు రోజంటే పందిరికి కొబ్బరాకులు కట్టించడం, వంటవాళ్ళతో పోట్లాడడం తప్ప మరో పని ఎరగం కదా, ఇప్పుడేమో ఆడా మగా ఒకే రంగు బట్టలు కుట్టించుకుని, బీరువాలంత స్పీకర్లు తెప్పించుకుని గెంతుతున్నారు. నేను ఒక మూల కుర్చీలో, చెవుల్లో దూది ఉంటే బాగుణ్ణని అనుకుంటూ కూర్చున్నాను. ఇంతలో పిల్లలు వచ్చి చెయ్యి పట్టుకుని లాగారు. మోకాళ్ళ నొప్పులే తల్లీ అని మొత్తుకున్నా వదల్లేదు. నిలబడ్డాక ఏం చెయ్యాలో తెలియక ఊరికే నిలుచున్నదాన్ని, ఆ వాయింపులో ఏముందో గాని, నా ఎడమ పాదం దానంతటది ముందుకు వెళ్ళి వెనక్కి వచ్చింది. కుడి పాదం వెనక్కి వెళ్ళి ముందుకు వచ్చింది. చూసిన కుర్రాడొకడు, ఒరే, నానమ్మకి సల్సా వచ్చురోయ్ అని గోల పెట్టాడు. అంతే, సగం పెళ్ళివారు నా చుట్టూ మూగారు.

వచ్చని అనను. జన్మలో ఒక్క సాయంత్రం ఆడాను, అదీ విజయనగరంలో, పట్టుచీర కట్టుకుని. ఫోటోలు ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి దూకడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి, అంటే మరీ పాత కాలం కాదు. అయినా ఇప్పటి పిల్లలకి చెబితే ఏదో రాజుల కాలం సంగతి విన్నట్టు నోరు తెరుచుకుని చూస్తారు. మీరైతే నమ్ముతారు, ఎందుకంటే మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి వరసలు ఉండేవి.

మాది నరసన్నపేటలో ధాన్యం, కిరాణా వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పెరడు దాటితే గోదాము. ఆ ఇంటికి నేను రెండో కోడలిని. మా వారికి ఒక్కరే అన్నగారు. వరసకి నాకు బావే అయినా, మేనబావల దగ్గర సాగే వేళాకోళాలు భర్త అన్నగారి దగ్గర సాగవు, ఆయన మామగారి తరవాత మామగారు. ఆయన ఎదట పడకూడదు, ముఖాముఖీ మాట్లాడకూడదు, ఆయన ఉన్న గదిలో కూర్చోకూడదు. ఆయన దుకాణంలోంచి ఇంట్లోకి వచ్చే ముందు నడవలో ఒక దగ్గు దగ్గేవారు. ఆ దగ్గు వినబడగానే నేను కొంగు భుజం నిండా కప్పుకుని వంటింట్లోకి తప్పుకునేదాన్ని. శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్ళినా, అంత జనంలోనూ ఆయన ఎటున్నారో చూసుకుని నేను అటు పక్క ఉండకుండా నడిచేదాన్ని. ఇందులో కోపం గాని భయం గాని ఏమీ లేవు, గౌరవమంటే అదేనని ఇద్దరికీ మా పెద్దవాళ్ళు నేర్పారు.

మరి ఒక ఇంట్లో ఉంటూ మాటలెలా అంటారా? మాటలన్నీ మా తోటికోడలి నోటి మీదుగా నడిచేవి. ఆవిడ ఉత్తినే చేరవేసే రకం కాదు, మధ్యలో కాస్త తిరగమోత పెట్టి మరీ చేరవేసేది. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అంటే, నా దగ్గరికి వచ్చి, నీ కూర మెచ్చుకున్నారే, ఇంకో ఉప్పుకల్లు పడితే అమృతమేనట అనేది. నేను ఏదైనా విసుక్కుంటే అక్కడికి వెళ్ళి ఏం చెప్పేదో తెలియదు గాని, మరునాడు నాకు కావలసింది ఇంట్లోకి వచ్చేది. నాకు అక్క లేని లోటు తీర్చిన మనిషి. ఏం పాపం చేసుకుందో, నడివయసు దాటకుండానే జబ్బు చేసి పోయింది.

ఆవిడ పోయాక మా ఇంట్లో మాట పోయింది. బావగారు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నాకేమైనా చెప్పవలసి వస్తే గోడతో చెప్పేవారు. ఈ పూటకి మజ్జిగ చాలు, అని గోడ కేసి చూసి అనేవారు. నేను పెరట్లో తిరిగే పిల్లితో చెప్పేదాన్ని. ఒసే, అన్నం చల్లారిపోతోంది, తినేవాళ్ళు వస్తే బాగుణ్ణు అని దాన్ని చూస్తూ అనేదాన్ని. ఆ పిల్లికి మా ఇంటి విషయాలు తెలిసినంతగా మా వీధిలో ఎవరికీ తెలియవు.

మాకు ఒక్కడే కొడుకు, వాడు అప్పట్లో వేరే ఊళ్ళో చదువుకునేవాడు. బావగారికి ఒక్కతే కూతురు. తల్లి పోయినప్పుడు డిగ్రీ చదువుతూ ఉండేది. నన్ను పిన్నీ అనేది గాని, నాకు మాత్రం కడుపున పుట్టిన పిల్లే. చదువయ్యాక విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చింది, హాస్టల్లో ఉండేది. మొదట్లో ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ తప్ప మాట ఉండేది కాదు, తండ్రి పోలికే అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి గొంతు మారింది. శనివారం సాయంత్రాలు ఒక డాన్సు క్లబ్బుకి వెళ్తున్నానని నాకు మాత్రం చెప్పింది. సల్సా అట, జంటలుగా చేతులు పట్టుకుని ఆడతారట. ఒసే, మన ఇళ్ళల్లో ఇదేం పనే అన్నాను. అప్పుడు అది అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"అమ్మ పోయాక నన్నెవరైనా ముట్టుకున్నారా పిన్నీ? మన ఇంట్లో అంతా మంచోళ్ళే, కాని ఎవురూ దగ్గరికి రారు. ఇక్కడ పాట మొదలవగానే ఎవురో ఒకరు సెయ్యి సాపుతారు. అంతే, ఇంకేటీ లేదు."

నేను దాన్ని పెంచానే గాని, జడ వేసే వయసు దాటాక దాన్ని దగ్గరికి తీసుకున్నది ఎప్పుడో గుర్తు రాలేదు. మన ఇళ్ళల్లో ప్రేమంతా కంచంలో వడ్డించడమే కదా.

ఇలాంటివి దాగుతాయా! ఒక మధ్యాహ్నం బజారులో మరో వర్తకుడు దుకాణానికి వచ్చి, ఫోన్ తీసి బావగారికి ఒక ఫోటో చూపించాడు. మా పిల్ల ఎవరో కుర్రాడి చెయ్యి పట్టుకుని, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. ఆ పెద్దమనిషి జాలి నటిస్తూ వెళ్ళిపోయాడు గాని, బావగారు ఆ పూట అన్నం ముట్టలేదు. రాత్రి మా వారితో అంటూండగా వంటింట్లోంచి విన్నాను. పిల్లకి ఫోన్ చేసి అడిగాను, దాచలేదు. వచ్చే శనివారం వాళ్ళ క్లబ్బుకి ఏడాది నిండుతుందట, ఇంటివాళ్ళని రమ్మని తనే పిలిచింది, అందరం వెళ్దాం. కారు వద్దు, పెద్ద వ్యాను మాట్లాడు, దాని మంచం పరుపూ పెట్టెలూ అన్నీ పట్టాలి. ఉద్యోగమూ వద్దు, ఊరూ వద్దు, ఆ రాత్రే తీసుకొచ్చేద్దాం అన్నారు.

మా వారు తల ఊపారు. అన్నగారి మాటకి ఎదురు చెప్పడం ఆయన జాతకంలో లేదు. నా ప్రాణం విలవిలలాడిపోయింది. పిల్ల ఇంటికొస్తే మళ్ళీ ఆ మూగ ఇంట్లో గోడలు చూసుకుంటూ కూర్చోవలసిందే. ఆ మాట చెప్పాలంటే బావగారికి చెప్పాలి, చెప్పే నోరు నాకు లేదు, చేరవేసే మనిషి పోయింది. పిల్లితో చెబితే సరిపోయే సంగతా అది? మా వారిని బతిమాలాను. "అన్నయ్యకి నేనేటి సెప్పగల్ను, నన్నొదిలీ" అని అటు తిరిగి పడుకున్నారు.

ఇక ఆ శనివారం. క్లబ్బు పార్టీ అంటే మాకేం తెలుసు, ఏడాది నిండిందంటే పుట్టినరోజు లాంటి ఫంక్షనే అనుకున్నాం. నేను పట్టుచీర కట్టాను, మా వారు కొత్త పంచె, బావగారు ఇస్త్రీ కండువా. పులిహోర గిన్నెలు, లడ్డూల డబ్బా, పలాస జీడిపప్పు పొట్లాలు, ఇవన్నీ వ్యానులో పెట్టాం. వెనక సగం వ్యాను ఖాళీ. మడపాం వంతెన దాటి, శ్రీకాకుళం దాటి, నాతవలస దగ్గర హైవే దిగి విజయనగరం తిరిగేదాకా బావగారు ముందు సీట్లో, నేను వెనక ఆ ఖాళీకి వీపు పెట్టుకుని కూర్చున్నాను. కుదుపు వచ్చినప్పుడల్లా వెనక తాళ్ళు, గోనె పట్టాలు దొర్లేవి. పిల్ల సామాను కట్టడానికి తెచ్చినవి అవి.

టైల్సు కొట్టు మీద రెండో అంతస్తులో పెద్ద హాలు అది. మేము వెళ్ళేసరికి దీపాలు పెడుతున్నారు, ఇంకా ఎవరూ రాలేదు. మా వారు పంచె సర్దుకుని, చదివింపులు ఎవరికివ్వాలి బాబూ అని అక్కడున్న కుర్రాడిని అడిగారు. వాడికి అర్థం కాక సౌండు బాక్సు కేసి చూపించాడు. తరవాత ఒక్కొక్కరే వచ్చారు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు మొగుడూ పెళ్ళాలు. అంతా మామూలు మనుషులే, మన దుకాణానికి వచ్చి పప్పులు కొనుక్కునేలాంటి వాళ్ళే. మా పిల్ల పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. తండ్రి దగ్గరికి వెళ్ళి, చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియక నిలబడింది. ఆయన, బాగున్నావా అన్నారు, కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. వ్యాను అంత పెద్దది ఎందుకు తెచ్చారని అది అడగలేదు. నాకే దాని ముఖం చూడ్డానికి మనసొప్పలేదు.

ఆ క్లబ్బులో ఒక నియమం ఉంది, ఎవరూ కూర్చోకూడదు. కూర్చుందామన్నా కుర్చీలు లేవు. విశాఖపట్నం నుంచి వచ్చే మాస్టారు సన్నగా రివటలా ఉన్న కుర్రాడు. వచ్చిన పెద్దవాళ్ళందరికీ ముందు నాలుగు అడుగులు నేర్పుతానని అందరినీ గుండ్రంగా నిలబెట్టాడు. ఆడవాళ్ళు ఉన్నచోటే ఉండాలి, పాట మారి మాస్టారు చప్పట్లు కొట్టినప్పుడల్లా మగవాళ్ళు ఒక్కో స్థానం జరిగి తరవాతి ఆవిడ ఎదటికి రావాలి. మొదట మా వారు నా ఎదట నిలబడ్డారు. పెళ్ళయ్యాక నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి, సిగ్గుతో నా తల వంగిపోయింది. మాస్టారు ఇంగ్లీషులో లెక్క చెబుతుంటే ఆయన పక్కనే తెలుగులో చెప్పుకుంటున్నారు. ధాన్యం కొలిచే ఇంటివాళ్ళం కదా, మాకు ఒకటి ఉండదు, లాభం ఉంటుంది. ఏడు అనడం అశుభం, ఆరున్నొకటి అనాలి. లాభం, రెండు, మూడు అని ముందుకి వచ్చేవారు, నాలుగుకి ఆగి, ఐదు, ఆరు దాకా బాగానే వెనక్కి వెళ్ళేవారు, ఆరున్నొకటి అనేసరికి అంత పొడుగు మాటకి పాట ఆగదు కదా, అడుగు వెనకబడి నా కాలు తొక్కేవారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వాగలేదు. ఉన్న దిగులంతా ఒక్క నిమిషం మరిచిపోయాను.

చప్పట్లు పడ్డాయి, మా వారు జరిగి మా పిల్ల ముందుకి వెళ్ళారు, అది నా పక్కనే నిలబడింది. నా ముందుకి ఎవరో బ్యాంకు కుర్రాడు వచ్చి, నమస్తే ఆంటీ అని బుద్ధిగా చెయ్యి చాపాడు. అప్పుడు చూశాను, ఎడమ పక్కన ఒకావిడకి జత లేదని మాస్టారు కిటికీ దగ్గర నిలబడ్డ బావగారిని, రండి సార్ అని మోచెయ్యి పట్టుకుని తెచ్చి గుండ్రంలో కలిపేశాడు. పరాయి చోట పిలిస్తే కాదనడం ఆయనకి చేతకాదు. చేతులు వెనక్కి కట్టుకుని, సంతలో ఎడ్లని చూసేవాడిలా నిలబడి, కాళ్ళు మాత్రం మర్యాదగా కదిపారు. ఆయన ఉన్నచోటికీ నాకూ మధ్య ఇంకొక్క ఆవిడ ఉంది. చప్పట్లు. ఆయన ఒక స్థానం జరిగారు. ఇక తరవాత నేనే. పారిపోదామని కొంగు సర్దుకున్నాను. మా పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కదలకు పిన్నీ, నువ్వెళ్తే వరసంతా సెడిపోద్ది అంది. ఏ వరస గురించి అంటోందే తల్లీ, ఇక్కడ చెడేది ఇంకో వరస కదా అని నేను లోపల్లోపల ఏడుస్తున్నాను.

చప్పట్లు పడ్డాయి. బావగారు వచ్చి నా ఎదట నిలబడ్డారు. దగ్గు లేదు, గోడ లేదు, పిల్లి లేదు. నేను తల వంచుకుని ఆయన పాదాలు చూస్తున్నాను. పాట మొదలైంది, చుట్టూ అందరూ కదులుతున్నారు, మేమిద్దరం కొయ్యల్లా నిలబడ్డాం. మాస్టారు కుర్రాడు చేతులు కలపండి అని దగ్గరికి రాబోతే, మా పిల్ల కళ్ళతోనే వాడిని ఆపింది. అప్పుడు బావగారు భుజం మీది కండువా తీశారు. ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నా కేసి చాపారు. నేను అందుకున్నాను. కండువా మధ్యలో బిగిసింది. ఆయన ఎడమ కాలు ముందుకి వేశారు, నేను కుడి కాలు వెనక్కి వేశాను. తప్పు పడలేదు.

అలా కొంచెం సేపు నడిచాక, తల వంచుకునే ఉన్న నాకు ఆయన గొంతు వినబడింది. గోడతో కాదు, నాతోనే.

"నన్నేటి సెయ్యమంతావమ్మా? పిల్లని తీసుకెల్లిపోమంతావా, ఉంచీమంతావా? తల్లుంటే దాన్నడిగీవోణ్ణి. ఇప్పుడు నువ్వే సెప్పాలి."

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. ఏమీ అనకపోతే ఆయన నన్ను తప్పు పట్టరు, మౌనంగా ఉండడమే నాకు నేర్పిన మర్యాద. కాని అనకపోతే పిల్ల ఆ రాత్రే వ్యానెక్కుతుంది. ఏమైతే అదయిందని తలెత్తి చూశాను. ఆయన కనుబొమలు నెరిసిపోయాయని నాకు అప్పుడే తెలిసింది.

"ఉంచీండి బావగారూ," అన్నాను. "దానికిక్కడ నవ్వొస్తంది."

ఆయన పాట అయ్యేదాకా కండువా కొస వదల్లేదు. చప్పట్లు పడగానే కండువా దులిపి భుజాన వేసుకుని, ఒక స్థానం జరిగి, కూతురి ఎదటికి వెళ్ళారు. అది చెయ్యి చాపింది. ఎదిగిన కూతురి చెయ్యి తండ్రి పట్టుకునేది కన్యాదానం నాడే కదా మన ఇళ్ళల్లో. ఆయన తన అరచెయ్యి కండువాకి తుడుచుకుని, దాని చెయ్యి పట్టుకున్నారు. "ఏటే, ఈ వయసులో నన్ను కూడా ఆడించీసినావు" అన్నారు. అది నవ్వబోయి బావురుమంది. ఆయన ఆగలేదు, దాని తల మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో దాని చెయ్యి పట్టుకుని, లెక్క తప్పకుండా అడుగులు వేస్తూనే ఉన్నారు. కాస్త అవతల మా వారు ఎవరో ఆవిడ ముందు నిలబడి ఆరున్నొకటి అంటూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ తరవాత అందరూ మా పులిహోర తిన్నారు. గిన్నెలు ఖాళీ అయిపోయాయి.

తిరుగు ప్రయాణంలో వెనక సగం వ్యాను ఖాళీగానే వచ్చింది. శ్రీకాకుళం సమీపించాక ముందు సీట్లోంచి బావగారు, "అమ్మా, పిల్లకి ఆస్టల్లో అన్నం సరిగ్గా పెడతన్నారా?" అన్నారు. ఎవరూ పలకలేదు. మా వారు మోచేత్తో పొడిచి, నిన్నే అన్నారు. అమ్మా అన్నది నన్నేనని నాకు అప్పుడు గాని తెలియలేదు. పెడుతున్నారండీ, కూరలే చప్పగా ఉంటాయట అన్నాను. అయితే వారం వారం ఊరగాయలు పంపు అన్నారు. ఇంటికి వెళ్ళేదాకా ఏ ఊరగాయలు పంపాలో మాట్లాడుకున్నాం.

ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ వరస తప్పలేదు. నేను గుమ్మం ఇవతలే నిలబడేదాన్ని, ఆయన నడవలో బల్ల మీదే కూర్చునేవారు. కాని ధాన్యం ఇప్పుడు కొనాలా ఆగాలా, గోదాముకి కప్పు మార్చాలా, పిల్లకి వచ్చిన సంబంధం ఎలాంటిది, ఏదైనా సరే, ఆఖరికి నా వైపు తిరిగి, ఏటంతావమ్మా అనేవారు. నేను చెప్పేదాన్ని. కొన్ని నా మాట ప్రకారం జరిగేవి, కొన్ని జరిగేవి కావు, ఎందుకు జరపలేదో కూడా చెప్పేవారు. పిల్ల విజయనగరంలోనే ఉద్యోగం చేసింది, తనకి నచ్చినవాడిని చేసుకుని ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటోంది. ఆ క్లబ్బు నాలుగైదేళ్ళు నడిచి మూతపడింది, ఆ హాల్లో ఇప్పుడు పోటీ పరీక్షలకి శిక్షణ ఇస్తున్నారట. బావగారు పోయారు, తరవాత మా వారూ పోయారు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ చూసి తప్పుకోరు. నా కోడలు నా పక్కనే కూర్చుని టీ తాగుతుంది, కొడుకు భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు, మనవలు మీద పడి ముద్దులు పెడతారు. మంచిదే, పాత రోజులే బాగుండేవని నేను అనను. మా తోటికోడలు ఉండగానే ఆ గోడ పడిపోయి ఉంటే ఆవిడ ఎంత సంతోషించేదో అనుకుంటూ ఉంటాను. కాని పోయిన నెల ఒక ఉదయం ఫోన్ చూసుకుంటే, గోదాము పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడుతున్నామని ఇంటివాళ్ళ గ్రూపులో కొడుకు పెట్టిన మెసేజి కనబడింది, కింద అందరూ పెట్టిన చప్పట్ల బొమ్మలు. వాడు అప్పుడు పక్క గదిలోనే ఉన్నాడు. రోజూ నాతో గంటలు గంటలు కబుర్లు చెబుతాడు, చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతాడు, మంచి పిల్లాడే. నాతో మాట్లాడకూడని మనిషి ఏటంతావమ్మా అని నన్ను అడిగేవారు. మాట్లాడేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు, ఆ ఒక్క మాట అడిగేవాళ్ళు మాత్రం ఇప్పుడు లేరు.